శుక్రవారం రౌండు

షుగరు బోర్డర్‌లో ఉందని రోజూ పేషెంట్లకి చెప్పే మాట నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. దాంతో ఈ పరదేశంలో మనవాళ్లెక్కువగా ఉండే హారిస్ పార్క్‌లో నా క్లినిక్‌కి రెండు వీధుల అవతలున్న కిక్‌బాక్సింగ్ జిమ్‌లో చేరాను. "యాభై ఏళ్లొచ్చాక ఈ తన్నులాటేంటండీ, వాకింగ్ చెయ్యొచ్చుగా" అంది మా ఆవిడ. వాకింగ్ చేసే మొహమే అయితే షుగరెందుకొస్తుంది?

జిమ్ నడిపేది జపాన్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక రిటైర్డ్ హెవీవెయిట్. అందరం ఆయన్ని సెన్సే అనేవాళ్లం, అంటే గురువుగారని. వాళ్ల దేశంలో అంత బరువున్న ఆటగాళ్లు తక్కువట. అందుకని ఆయన్ని తనకంటే ఇరవై కేజీలు ఎక్కువున్న యూరప్ వాళ్ల మీదికి తోసేవారట. గెలిచినవి తక్కువే. అయినా జనం ఆయన కోసం వచ్చేవారు, ఎంత కొట్టినా కింద పడరని. క్లాసయ్యాక నాతో దోసె తింటూ, కారప్పొడి ఇంకాస్త వేయించుకుంటూ, ఇదంతా నవ్వుతూ చెప్పేవారు. నాకూ గొప్పగానే అనిపించింది. డాక్టర్నై ఉండి! పడిపోయినవాణ్ణి ఇక కొట్టరు, పడనివాణ్ణి కొడుతూనే ఉంటారు. అంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

ప్రతి శుక్రవారం శిష్యులందరూ వరసగా ఆయనతో ఒక్కో రౌండు ఆడాలి. ఎదుటి మనిషి మొహం మీద కొట్టాలంటే కొత్తవాళ్లకి చెయ్యి రాదు కదా. ఆ బెరుకు పోగొట్టడానికి ఆయన చేతులు దించేసి, "ఇక్కడ, గట్టిగా" అని చెంప చూపించేవారు.

రెండో ఏడు తేడా కనిపించింది. చెప్పిన పాఠమే పది నిమిషాలకి మళ్లీ మొదలుపెట్టేవారు. మేమూ కొత్తగా వింటున్నట్టే తలలూపేవాళ్లం. గురువుగారి తప్పు ఎత్తిచూపకూడదని మా తెనాలిలో చిన్నప్పుడే నూరిపోశారు, ఆ జిమ్ మర్యాదా అదే. క్లినిక్‌లో ఎదురుగా కూర్చున్న పేషెంటైతే ఆ రోజే స్కాన్ రాసేవాణ్ణి. జిమ్ గుమ్మంలో బూట్లు విప్పేసరికి నేను డాక్టర్నన్న సంగతే పక్కన పెట్టేసేవాణ్ణి.

ఒకరోజు కార్ పార్క్‌లో ఆయనే అడిగారు. "డాక్టర్, నా తలలో ఏమైనా తేడా ఉందా?"

చెబుదామనే నోరు తెరిచాను. అంత మనిషి చేతులు రెండూ తొడలకి ఆనించి, నా ముందు శిష్యుడిలా నిలబడ్డారు. చూడలేకపోయాను. "వయసు, సెన్సే. నేనూ తాళాలు మర్చిపోతుంటాను" అన్నాను. ఆయన నడుం వంచి నమస్కరించారు. నాకు హాయిగా అనిపించింది, ఛీ. ఆ శుక్రవారం మామూలుగానే గ్లవ్స్ తొడుక్కున్నాను.

ఏడాది తర్వాత, ఇల్లెటో తెలీక సెన్సే ఎక్కడో రౌస్ హిల్‌లో రోడ్డు పక్కన కారాపుకుని కూర్చుంటే, ఎవరో చూసి ఆయన కూతురికి ఫోన్ చేశారు. తలకి తగిలిన దెబ్బల వల్ల మెదడు పాడవుతోందని స్పెషలిస్టు చెప్పాడు. జిమ్ మూసేశారు. చూడ్డానికి వెళ్తే నన్ను గుర్తుపట్టలేదు.

ఆ అమ్మాయి ఓ మధ్యాహ్నం క్లినిక్‌కి వచ్చింది. కూర్చోలేదు. "పోయినేడే నేను నాన్నకి స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. 'నా స్టూడెంటే డాక్టరు, వయసు వల్లేనన్నాడు' అని ఆయన క్యాన్సిల్ చేసేశారు. మీకు నిజంగా తెలీలేదా?" అంది ఇంగ్లీషులో.

"అనుమానం ఉంది" అన్నాను.

"ముందే చూపిస్తే బాగయ్యేదా?"

"బాగవదు. దెబ్బలు మాత్రం అప్పుడే ఆగేవి."

"అనుమానం ఉండీ కొట్టారా?"

"ఆయనే కొట్టమన్నారు" అన్నాను. చెప్పాక నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

కార్ పార్క్‌లో ఆయన అడిగాక, ఆ ఏడాదంతా నేను ఒక్క శుక్రవారం కూడా మానలేదు.