కిటికీ దగ్గర అడగరాని మాట

మనుషులతో మాట్లాడటం నాకు నేర్పింది ఒక కిటికీ. రాజాంలో ఒక ప్రైవేటు బస్సు ఓనరుగారి టిక్కెట్ల గదికి ఉండేది అది. రెండు జానల వెడల్పు, అడుగున అరచేయి పట్టేంత సందు. అరవైల చివర్లో నెల్లాళ్లపాటు ఆ సందు వెనక కూర్చుని నేను పడ్డ పాట్లు తలచుకుంటే ఇప్పటికీ పూజ మధ్యలో నవ్వొచ్చేస్తుంది. దేవుడు ఏమీ అనుకోడు. అప్పుడు ఆయనా చూస్తూనే ఉన్నాడు కదా.

ఆ గదిలో గుమాస్తా మా వారు. ఒకనాడు బస్సు టాపు మీదికి వంకాయల గంపలు ఎక్కిస్తుంటే సాయం పట్టబోయి, గంపతో సహా కింద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. కట్లు కట్టే పెద్దాయన వెదురు బద్దలు వేసి బిగించి, రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు. మేముండేది ఆ టిక్కెట్ల గది వెనక, ఓనరుగారిచ్చిన గదిలోనే. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

ఓనరుగారు దయగల మనిషి, కాకపోతే గడియారం మనిషి. "నీకు రాతొచ్చు కదమ్మా. ముందు నెల్లాళ్లు నువ్వు కూకో, సూద్దాం. బస్సు టయానికి కదిలితే సరే. నేదంటే మా బావమరిదిని కూకోబెడతాను. ఆడు కూకున్నాక మరి మీ ఆయనకి లెగిసి సోటివ్వమంటే ఇవ్వడు, నాకు తెల్సు" అన్నారు.

రాతొచ్చన్నది నిజమే. నేను బడి మొహం చూడలేదు. పొలం నుంచి వచ్చాక మా నాన్నే పలక పట్టుకుని అక్షరాలూ లెక్కలూ నేర్పారు. మర్యాదలు మాత్రం మామ్మ నేర్పింది. ఆవిడ మొదటి పాఠం, గడప దాటి బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడక్కూడదు. అడిగితే వెళ్లిన పని కాదు. అడిగించుకున్నవాళ్లు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అనొచ్చు. అంతవరకే.

ఇప్పుడు మీరే చెప్పండి, ఎక్కడికి అని అడక్కుండా బస్సు టిక్కెట్టు రాయడం ఎలా?

ఊరి పేరు వాళ్లే చెబుతారు కదా అనుకున్నాను. చెప్పరు. మా వారు ఆరేళ్లుగా మొహం చూసి ఊరు రాసేసేవారు. అందుకని జనం నోరు విప్పడం మానేశారు. సందులోంచి చేయి పెట్టి నిలబడతారు, అంతే.

మొదటి రోజు మధ్యాహ్నం బస్సుకి, దీపం పెట్టుకుని దణ్ణం పెట్టుకుని కిటికీ తీశాను. మొదటి చేయి కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే ఒకామెది. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. చాలాసేపు అలా చూసుకున్నాం.

"దూరమా అమ్మా?" అన్నాను.

"ఓలమ్మో! టిక్కెట్లు రాడానికి కూకున్నావా, సుట్టపుసూపుకొచ్చావా? బేగి రాయే, ఎనకాల సూడు ఎంతమందో!"

గోడ అవతల మంచం మీంచి మా వారు ఆ గొంతు గుర్తుపట్టి, "సీకాకుళం! సీకాకుళం రాయే!" అని కేకేశారు. ఆ రోజంతా అలాగే గడిచింది. గొంతు విప్పినవాళ్ల ఊరు ఆయన చెప్పారు. విప్పనివాళ్ల ఊరు నేను మూటలు చూసి ఊహించాను. ఖాళీ చేపల గంప అయితే శ్రీకాకుళం. నూలు చిలపలు, అంటే వడికిన నూలు చుట్టలు ఉంటే ఖద్దరు నేసే పొందూరు. గుండు కనిపిస్తే అరసవిల్లి మొక్కు, అంటే దాని పక్కనున్న శ్రీకాకుళమే. ఈ లెక్కన ఒక గుండాయనకి భక్తిగా శ్రీకాకుళం రాసిచ్చి, "స్వామికి నా దణ్ణం కూడా చెప్పండి" అన్నాను.

ఆయన చీటీ తిప్పితిప్పి చూసి, "ఏ సామికి తల్లీ? పేలు పడితే గొరిగించుకున్నాను. మాది సిలకపాలెం" అన్నాడు.

వరస అంతా నవ్వు. చీటీ కొట్టేసి మళ్లీ రాసేసరికి బస్సు పావుగంట ఆలస్యం. ఓనరుగారు గడియారం చూపించి, "ఎక్కడికని అడగడానికి ఏటమ్మా నీకు? నోట్లో ముత్తెం రాలిపోతాదేటి?" అన్నారు. శకునం సంగతి చెప్పబోయాను. "బస్సులకి శకునాలేటి!" అనేశారు.

పది రోజులు అదే వరస. పదకొండో రోజు బావమరిది దిగాడు. పొద్దుటి బస్సు నాది, మధ్యాహ్నం బస్సు అతనిది, నెలాఖరుకి ఎవరు నయమో చూస్తామని ఓనరుగారి తీర్పు. అతను తల ఎత్తేవాడు కాదు. సందులో చేయి కనిపిస్తే చాలు, "ఎక్కడికి!" అని ఒక్క అరుపు. నిజం చెప్పాలి, వరస చకచకా కదిలేది. నా గుండె కూడా దాంతోపాటే జారేది.

ఒక రోజు మనవరాలికి సంబంధం కుదుర్చుకోవడానికి బయల్దేరిన తాత ఒకాయన వరసలో నిలబడ్డాడు. "ఎక్కడికి!" అన్న అరుపు వినగానే వెనక్కి తిరిగి, అరుగు మీద కూర్చుని, నా దగ్గర మంచినీళ్లు అడిగి తాగి, మళ్లీ వరస చివర నిలబడ్డాడు. వంతు రాగానే మళ్లీ "ఎక్కడికి!" తాత మళ్లీ అరుగు మీదికి. మూడోసారి నీళ్లు తాగేలోపల బస్సు వెళ్లిపోయింది. "ఇయ్యాల్టికి నీళ్లే రాసిపెట్టున్నాయమ్మా" అని ఇంటికి పోయాడు.

ఇదంతా చూసిన చేపలామె గంప దించి నా గుమ్మంలో కూర్చుంది. "ఆడు అడిగితే పోలీసోడు అడిగినట్టుంటాది. నువ్వేమో అడక్కుండా నా మొహంలో ఊరు ఎతుకుతావు. ఓ గుంటా, ఒక మాట సెప్తాను ఇను. మడిసిని ఎక్కడికెల్తన్నావని అడక్కు. చీటీ మీద ఏ ఊరు రాయమంటావని అడుగు. కాగితానికి శకునమేటుంటాది?"

నాకు ఆ క్షణం ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. "సీ, సేపల నీసు అంటుకుంటాది, లే!" అని లేపేసింది.

మర్నాడు పొద్దుట మొదటి చేయి రాగానే "ఏ ఊరు రాయమంటారు బాబూ?" అన్నాను. ఊరు చెప్పారు. రాశాను. వెళ్లి రండి అన్నాను. అరుగు మీద ఎవరూ కూర్చోలేదు, బస్సు టైముకి కదిలింది. గోడ అవతల మా వారు అరవడం మానేసి నిద్రపోయారు. ఓనరుగారు మాత్రం, "పని అవతన్నాది గానీ గొంతు లేదమ్మా. ఆడి గొంతులో ఆఫీసున్నాది" అన్నారు. నెల ముగియడానికి ఇంకా మూడు రోజులే. నేను సామాన్లు సర్దడానికి గోనెసంచులు దులుపుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఓనరుగారు శ్రీకాకుళం బయల్దేరారు. మర్నాడు అక్కడ కొత్త రూటు పర్మిట్టు విచారణ ఉంది. ఇస్త్రీ పంచె, నుదుట బొట్టు, పెరుగన్నం తిని, ముహూర్తం చూసుకుని మరీ గడప దాటారు. పద్ధతి ప్రకారం తనకీ చీటీ ఉండాలనేవారు, సొంత బస్సయినా సరే. కిటికీ సందులో చేయి పెట్టారు.

లోపలి నుంచి, తల ఎత్తకుండా, "ఎక్కడికి!"

ఓనరుగారి చేయి సందులో అలాగే ఉండిపోయింది. బావమరిది ఆ చేతికున్న ఉంగరం గుర్తుపట్టి, "బావా... నువ్వేటి..." అని లేచి నిలబడ్డాడు.

"అదేటిరా, బయల్దేరినోణ్ణి అడిగే మాటేనేటిరా అది!"

వరసలోంచి మన తాత ముందుకొచ్చాడు. "కూకో బాబూ, నా పక్కన కూకో. నాకు మూడు తడవలయ్యింది" అని అరుగు మీద చోటిచ్చాడు. ఓనరుగారు నిజంగానే కూర్చున్నారు. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. బస్సు హారన్ కొడుతోంది. "అయ్యగోరు కూకున్నారు, ఇంకా లెగలేదు" అని కండక్టరు డ్రైవరుకి కబురు చెబుతున్నాడు. ఆ గడియారమే, ఆ బస్సే. ఇరవై నిమిషాలు ఆలస్యం. నేను గడియారం వైపు చూడలేదు. చూస్తే నవ్వేదాన్ని.

గ్లాసు కింద పెట్టి ఓనరుగారు నా వైపు తిరిగారు. "నువ్వు పొద్దుట బస్సుకి ఏటడుగుతన్నావమ్మా?"

"ఏ ఊరు రాయమంటారని అడుగుతానండీ."

"అయితే నువ్వెల్లి కూకో. ఒరే, నువ్విలగొచ్చీ. గంపలెక్కించు."

నేను వెళ్లి కూర్చున్నాను. సందులో మళ్లీ ఆ ఉంగరం చేయే వచ్చింది. నాకు తెలిసినా అడిగాను. ఆయన నెమ్మదిగా "శ్రీకాకుళం" అన్నారు. రాసిచ్చి, "వెళ్లి రండి" అన్నాను.

పర్మిట్టు మర్నాడు రాలేదు, వాయిదా పడింది. ఆ పాపం బావమరిది నెత్తిన చాలాకాలం ఉంది, పాపం. మా గది మాకే ఉంది. గోనెసంచులు మడిచి మళ్లీ అటక మీద పెట్టేశాను. కాలు కూడుకున్నాక మా వారు ఆ కుర్చీలోకి తిరిగొచ్చారు, పొద్దుటి బస్సు మాత్రం ఓనరుగారు నాకే ఉంచేశారు.

ఓనరుగారు అరుగు మీద కూర్చున్న ఆ వారమే, చేపలామె చేయి సందులోకి రాగానే, "ఏ ఊరు రాయమంటావమ్మా?" అన్నాను.

"నీకు తెల్దేటే?" అంది, గంప ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంటూ.

"తెలుసు. నువ్వు నేర్పిందే కదా, నీ దగ్గరే అడక్కపోతే ఎలా?"