అవ్వ పథ్యం, నిమ్మకాయ నీళ్లు

మొన్న మార్కాపురంలో మందుల దుకాణం దగ్గర నిలబడి ఉంటే, చిగుళ్ల కోసం సి విటమిన్ బిళ్లలు కొంటున్న ఒకాయన, ఇవి వాడేటప్పుడు పులుపు మానేయాలా అని అడిగాడు. ఆ మాటతో నాకు మా నాయన నోరు కళ్ల ముందు మెదిలింది.

మాది కొమరోలు దగ్గర పల్లె. గొర్రెలో మేకలో, జీవాలున్న ఇళ్లలో మగవాళ్లు ఎండలు ముదరకముందే మందను తోలుకుని నల్లమల అంచులకు పోయి, వానలు పడి ఊరి బీళ్లు పచ్చబడేదాకా అక్కడే సంగటీ గొడ్డుకారంతో గడిపేవాళ్లని మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక ఏడు నాయన తిరిగొచ్చేసరికి చిగుళ్లు ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు కారుతోంది. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద నల్లటి మచ్చలు. మా వైపు ఒంట్లో వాపుగానీ పుండుగానీ ఉంటే ముందు పులుపు మాన్పిస్తారు. నాయన తల్లి, మా అవ్వ, చింతపండు కుండను అటకెక్కించి, మజ్జిగ కూడా పోయనివ్వక, ఉత్త గంజితోనే పథ్యం పెట్టింది. ఏదైనా కొలిచి చూసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. నాయన మణికట్టు చుట్టూ నా చిన్న వేళ్లు కలిసిన రోజున, మనిషి మాకు దక్కడేమో అనుకున్నాను.

మా వీధిలోనే ఉండే ఆస్పత్రి నర్సమ్మ, ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆగి, నాయన నోరు తెరిపించి చూసింది.

“నిమ్మకాయ పిండి తాపవ్వా. కాయా పండూ లేని తిండి తిని ఇట్లయినాడు.”

“ఏందమ్మే, పుండు మీద పులుసు పొయ్యమంటావా? నా కొడుకును సంపుతావా?”

“పులుపు మాన్పించి నువ్వే సంపేటట్టున్నావు. నీళ్లలో కలిపి తాపు. తగ్గకపోతే నన్ను తిట్టుదువులే.”

మంచంలోంచి నాయన నెమ్మదిగా అన్నాడు: “గంజి తాగీ తాగీ నాలిక సచ్చిందమ్మా. అదేందో తెప్పియ్యి.”

అమ్మ అత్త ముఖం వైపు చూడకుండా కాయ కోసింది. మొదటి గుక్కకు మంటతో నాయన కళ్లలో నీళ్లు తిరిగితే, అవ్వ చూడలేక వాకిట్లోకి పోయి కూర్చుంది. వేడికి నిమ్మరసం సత్తువ పోతుందని నర్సమ్మ చెప్పినందున, అమ్మ గంజిలోనైనా చల్లారాకే పిండేది. కొద్దిరోజుల్లో నెత్తురు ఆగింది, ఆపైన మచ్చలు మాసిపోయాయి, ఒక పొద్దున నాయన జొన్నరొట్టె కొరికి తిన్నాడు. నిమ్మకాయ అన్ని జబ్బులకూ మందని నేననను; ఒంట్లో ఆ సి విటమిన్ లోటు ఉన్నవాడికి మాత్రం అది ప్రాణమే పోసింది.

అవ్వ తన పథ్యం తప్పని ఏనాడూ ఒప్పుకోలేదు. జబ్బు దిగే కాలమొచ్చి దిగిందనేది. కానీ మళ్లీ మంద కదిలిన రోజున సద్దిమూటలో నిమ్మకాయలు తనే కట్టి, పొలిమేరదాకా నాయన వెంట నడిచి, “దినమూ పిండుకో. మర్సిపోయినావంటే కాళ్లిరగ్గొడతా” అని చెప్పి పంపింది.

ఇప్పుడు మా పల్లెలో బోర్ల కింద నిమ్మతోటలు ఉన్నాయి, మందలు అంత దూరం పోవడం లేదు, కాయ కోసం ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. ఒక మనిషికి ముందుముందు ఏం కరువవుతుందో తలచుకుని, మూటగట్టి, తిట్టి మరీ పంపేవాళ్లను మాత్రం నేను చూసి చాలా కాలమైంది.