పిళ్ళారి పాట తర్వాత మాది

ఆ రోజుల్లో లోకం మీద కోపం రావడానికి మాకు కారణాలు అక్కర్లేదు, గిటారు ఉంటే చాలు. తిరుత్తణిలో మా పోస్ట్-పంక్ బ్యాండు పేరు ‘తుప్పు’. పాడేది మా బావ (పాడుతున్నాననే అనుకునేవాడు), బేస్ గిటారు నాది. మా మొదటి పాట ‘ఎవడూ రాడు’. దేవుడు రాడు, నాయకుడు రాడు, ఆఖరికి ఆవడి పోయే రైలు బండి కూడా రాదు అంటూ నాలుగు నిమిషాల అరుపు. ఆవడి ఫ్యాక్టరీలో పనిచేసే మా నాయన అర నిమిషం విని, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఒక్కసారైనా ఆయన ఆ పాట ఆఖరిదాకా వినాలని నా ఆశ. సీడీగా వస్తే వింటాడేమో అనుకున్నాను.

పెద్ద పాటల కంపెనీలకు అమ్ముడుపోకూడదని ప్రతిజ్ఞ చేశాం (వాళ్ళెవరూ అడగలేదు). కే.జీ.కండిగైలో మైక్‌సెట్ అద్దెకిచ్చే మామ జాతరలకు సొంతంగా సీడీలు వేసేవాడు. అంతకన్నా స్వతంత్రమైన లేబుల్ మాకెక్కడ దొరుకుతుంది? నూరు కాపీలు వేసిచ్చాడు. ఇంటికొచ్చి పెడితే ముందు నాదస్వరం, ఆ వెంటనే వినాయకుడి మీద పిళ్ళారి పాట! మాది రెండోది. పరుగున వెనక్కి వెళ్ళాం.

“ఏంది మామా ఇది?”

“మైక్‌సెట్టోడు పిళ్ళారి పాట ఎయ్యకుండా యాడన్నా మొదులు పెడతాడా? మీ పాట యాడికీ పోలేదబ్బోడా, ఎనకాలే ఉండాది.”

బావ రెండు రోజులు అన్నం మానేశాడు (టిఫిన్ మానలేదు).

మా కొండమీది స్వామికి ఆడికృత్తిక జాతర వచ్చింది. మామ ఆ సీడీనే కొండ కింద స్పీకర్లలో పెట్టాడు. నాయన కావడి ఎత్తుకున్నాడు, వెనకాల నేను. పిళ్ళారి పాట అయిపోయి మాది మొదలైంది. సిగ్గుతో చచ్చిపోయాను. “ఎవడూ రాడు!” అని బావ అరిచినప్పుడల్లా జనం స్వామిని తలుచుకుని “అరోహరా!” అన్నారు. నాయన మాత్రం మా డ్రమ్ముల దెబ్బకు సరిగ్గా అడుగేస్తూ, పాట ఆఖరిదాకా ఆగకుండా మెట్లెక్కాడు.

పైకి చేరాక చెమట తుడుచుకుంటూ అన్నాడు: “అది నీ పాటే గదరా? మెట్లెక్కేదానికి శానా బాగుండాది. కూసోని ఇనే పాట కాదది. ముందే చెప్పుంటే నడస్తా ఇనుంటా గదా!”

ఇప్పుడు నేనూ ఆవడి బండిలో డ్యూటీకి పోతున్నాను, అది రోజూ వస్తూనే ఉంది. నాయన మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. అయినా ఆ పాట పెట్టమంటాడు, వరండాలో కర్ర పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ వింటాడు. ‘ఎవడూ రాడు’ పాటకు అంతలా బేస్ వాయించిన ఆనాటి పిల్లకాయ, అంటే నేను, ఎదురుచూసింది ఈయన కోసమే కదా అని నవ్వొస్తుంది. ముందుగా పిళ్ళారి పాట పెట్టడం మాత్రం నేను మరిచిపోను.