తువ్వాల కింది పన్ను

నా చిన్నప్పుడు హుస్సేనీ ఆలంలో బర్రెను కొనాలనుకున్న వాళ్ళెవరైనా ముందు మా తాతను, అంటే నాన్న వాళ్ళ నాన్నను, వెంటబెట్టుకొని పోయేవాళ్ళు. పాల వ్యాపారం మా ఇంటి బతుకు, పళ్ళు చూడడం మా తాత విద్య. బర్రె నోరు తెరిచి, బొటనవేలితో కింది పళ్ళు తడిమి, దాని వయసెంతో చెప్పేవాడు. బేరం మాత్రం నోటితో చేసేవాడు కాదు. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకొనేవాళ్ళు. పక్కనున్న వాడికి ఒక్క ముక్క తెలిసేది కాదు. ఆయనకో అలవాటుండేది. నచ్చని బర్రెను ఏమీ అనేవాడు కాదు, నచ్చినదాన్ని మాత్రం తిట్టిపోసేవాడు. నడక బాగాలేదు, పొదుగు జారింది, ఊరికే ఇచ్చినా వద్దు అంటూనే తోలుకొచ్చేవాడు. అది చూసి నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఇంట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే, నేనంటే ఆయనకు ప్రాణం. ఈ మాట ముందే చెబుతున్నాను, మిగతాది విని ఆయన్ను ఉత్త దుర్మార్గుడనుకుంటారని.

మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, గోదావరి వైపు అడవుల్లో తవ్వకాల పనికి పోయాడు. నేల కింద రాయిగా మారిన ఎముకలను చదువుకున్న పెద్దమనుషులు తీయిస్తుంటే కూలివాళ్ళు మట్టి మోసేవాళ్ళట. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు మామ నా అరచేతిలో నల్లటి పన్నొకటి పెట్టాడు. నా చూపుడు వేలంత ఉంది, కొన వంగి ఉంది, రాయి బరువు. "రాక్షసిబల్లి పన్ను బిడ్డా. అక్కర లేదని పారబోసిన రాళ్ళల్ల దొరికింది. అడిగే తెచ్చిన" అన్నాడు. ఒకవైపు అంచు మీద వేలు రాస్తే సన్నని రంపంలా గరగరలాడింది. ఆ వానాకాలమే మామ జ్వరంతో అక్కడే పోయాడు. తమ్ముడి గుర్తుగా అమ్మకు మిగిలింది నా రేకు డబ్బాలోని ఆ పన్నొక్కటే.

పన్ను సంగతి నేను బడిలో ఊదరగొట్టాను. గల్లీ దాటి అది ఎవరెవరి చెవిన పడిందో గానీ, ఒకరోజు తాత "ఏదీ, తే బిడ్డా, చూస్త" అన్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. గోటితో గీరాడు. అంచు మీద బొటనవేలు రాశాడు, రెండోసారి కూడా రాశాడు. తరువాత మొహం అదోలా పెట్టాడు.

"ఏందే ఇది? బర్రె పన్ను. మంటల కాలి నల్లగైంది. మీ మామ నిన్ను మంచిగ మురిపిచ్చిండు. గిది పట్టుకొని అందరికి చూపిస్తున్నవా? నవ్వుతరు."

నేను పుట్టి పెరిగింది కొట్టం పక్కన. బర్రె పన్ను పలకలా ఉంటుందని, దానికి రంపపు అంచు ఉండదని నాకు తెలుసు. అయినా చెప్పింది తాత కదా. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. పారేస్తవా తాతా అని నేనే అడిగాను. "తే, పురానాపూల్ దిక్కే పోతున్న, మూసీల ఏస్త" అని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం అమ్మ డబ్బా తెరిచి, పన్నేదని అడిగింది. బర్రె పన్నట, తాత పారేశాడని చెప్పాను. "మా తమ్ముడు అబద్ధమాడడు" అంది అమ్మ. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "తాతకు తెల్వదా? మామనే మనల్ని పాగల్ చేసిండు!" అని అరిచాను. అమ్మ డబ్బాకు మూత పెట్టి పిండి కలపడానికి పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం, అమ్మ గడ్డి తేవడానికి పోయినప్పుడు, పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి గుమ్మం ముందు మంచం మీద తాత పక్కన కూర్చున్నాడు. తాత జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. నా పన్నే. "అస్లీ హై క్యా చాచా?" అన్నాడాయన, అసలుదేనా అని. "హాత్ లగాకే దేఖో భాయ్" అంటూ తాత ఆయన వేలు పట్టుకొని ఆ అంచు మీద రాయించాడు. ఆ తరువాత భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

నీళ్ళ బకెట్‌తో నేను గడపలో నిలబడిపోయాను. మూసీలో వేయాల్సినదానికి తువ్వాల ఎందుకు? తాత తలెత్తి నన్ను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తువ్వాల కింద వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

పొద్దుగూకే వేళకు జిలేబి పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ మాలు ఎట్లాంటిదో నీకు ఎర్కుండాలె బిడ్డా. ఎవడో కరాబున్నదంటే ఇచ్చేస్తవా?" అన్నాడు, బేరం నేర్పుతున్నట్టు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు, నాకు మంటెత్తింది అందుకే. ఏడుస్తూనే జిలేబి మొత్తం తిన్నాను. తిన్నాక ఇక అమ్మతో ఏ మొహం పెట్టుకొని చెప్పను?

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. తాత పోయాక చెబుదామనుకున్నాను, తాతా పోయాడు. అప్పటికి అమ్మ నేను చెప్పిందే నమ్మేసింది. తమ్ముడి మాట వస్తే చాలు, "వాడా, బర్రె పన్ను చూపెట్టి పోరిని మురిపిచ్చినోడు" అని నవ్వేది. మొదట్లో ఆ నవ్వు వెనక ఏడుపుండేది, తరువాత్తరువాత అదీ పోయింది.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో చూసి డైనోసార్ పన్నొకటి కొని తెప్పించుకుంది. నకిలీదని ఇంట్లో అందరూ వెక్కిరిస్తుంటే నా దగ్గరికి తెచ్చింది. అంచు మీద వేలు రాశాను. అదే గరగర. ఇన్నేళ్ళూ నా వేలు దాన్ని మరిచిపోలేదు. "అసలుదేనా అమ్మమ్మా?" అంటే, నీకేమనిపిస్తుందే అన్నాను. అసలుదే అంది. "అయితే ఎవరేమన్నా ఇయ్యకు" అని దాని గుప్పిట మూశాను.

ఎవరైనా నా వస్తువును పనికిరాదని తీసిపారేస్తే, తువ్వాల ఉందేమోనని ఇప్పటికీ ముందు వాళ్ళ భుజం వైపు చూస్తాను. ఆ పాఠం తాత బాగానే నేర్పాడు. నేను మోస్తున్నది అదొక్కటే అయితే బాగుండేది. అమ్మ మంచం పట్టిన ఆఖరి రోజుల్లో ఆమె పక్కన నేనే ఉన్నాను. ఒకనాడు తమ్ముణ్ణి తలుచుకొని మళ్ళీ ఆ మాటే అంది, బర్రె పన్ను చూపెట్టి మురిపిచ్చినోడు అని. నేను ఆమె కాళ్ళు పిసుకుతూ ఊఁ కొట్టాను.