గెట్టు రాళ్లు ఎవరి దిక్కు?

కరీంనగర్ నుంచి శ్రీరాంపూర్ బొగ్గు గనులకు పోయే బస్సులో, ఒళ్లో ప్రింటు కాగితం పెట్టుకుని కూర్చున్నాను. కంప్యూటర్లో ముక్కోణాల వలగా అల్లిన గని బొమ్మను బొగ్గు వేరు, రాయి వేరుగా విడదీసే ప్రోగ్రాం నాది. విడదీయగానే రెండింటి నడుమ అంచు చిరిగిపోతోంది. పదకొండింటికి గని అధికారులకు చూపించాలి. తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

పక్క సీట్లో, తలకు దెబ్బ తగిలి కట్టు కట్టించుకున్న రైతు కాగితంలోకి వంగాడు.

"గిదేంది సారూ, భూమి పంపకమా?"

"అసుంటిదే. గిది బొగ్గు వాటా, గిది రాయి వాటా" అన్నాను చిరాగ్గా.

ఆయన అంచు పొడవునా ముక్కోణాల మూలలు కలిసే చుక్కలపై వేలు పెట్టాడు. "మరి గీ హద్దుల గెట్టు రాళ్లు ఎవరి దిక్కు రాసిన్రు?"

"బొగ్గు దిక్కే. రెండుసార్లు రాస్తే లెక్క తప్పుతది గదా?"

"గెట్టు రాయి ఇద్దరి వాటాలల్ల ఉండాలె సారూ. మా పంపకంల తమ్మునికొక్కనికే రాసిన్రు." తల మీది దెబ్బ కట్టు తడుముకున్నాడు. "గిట్లయింది."

పెద్దపల్లి కోర్టు దగ్గర దిగిపోయాడు.

శ్రీరాంపూర్‌లో అంచు చుక్కలను రెండు వైపులా రాయించాను. చిరుగు పోయింది. నా పంపకం రెండు వరుసల కోడ్‌తో తెగింది. ఆయనది తెగిందో లేదో ఇప్పటికీ తెలియదు.