వెనక కూర్చున్నవాడి మాట

మా చిన్నాయన పోయిన నెల ఒక శనివారం పొద్దున చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఆ మధ్యాహ్నమే ఆయన ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. "బాగేపల్లిలో ఒక పాత బండి చూసినామప్పా. ఆదివారం వచ్చి ఒక మాట చెప్తావా?" అని అవతల ఎవరో అడిగారు. చిన్నాయన ఇక లేడని చెప్పాను. ఆ మనిషి, "అయ్యో, మరి ఈ బండి ఎవురికి చూపించేదమ్మా?" అన్నాడు. అనేసి సిగ్గుపడి, తప్పుగా అనుకోవద్దని పదిసార్లు చెప్పుకున్నాడు. నేనేమీ తప్పుగా అనుకోలేదు. ఇంటికొచ్చి పరామర్శించిన వాళ్ళలో కూడా అంత సరైన మాట ఎవరూ అనలేదు.

మీలో ఎవరైనా చింతామణి చుట్టుపక్కల పాత మోటార్ సైకిల్ కొని ఉంటే, ఆయన దాని వెనక సీటు మీద ఒకసారైనా కూర్చునే ఉంటాడు. చేలూరు రోడ్డులో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. రిపేర్లు చేసేవాడు. కానీ జనం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది రిపేర్లకు కాదు, తీర్పుకు. కొనే ముందు బండి మంచిదో కాదో ఆయన చెప్పాలి. దానికి ఆయన ఇంజను చప్పుడు వినేవాడు కాదు, పొగ చూసేవాడు కాదు. అవన్నీ తర్వాత చేసే పనులు. ముందు కొనేవాణ్ణి నడపమని, తను వెనక ఎక్కి కూర్చునేవాడు. "నడిపేవానికి బండి మీద మోజు ఉంటాది, వాని మాట నమ్మేకి లేదు. వెనక కూచున్నోడే నిజం చెప్తాడు" అనేవాడు.

ఆ కూర్చోవడం కూడా సందు చివరిదాకా పోయి రావడం కాదు. మూడూర్ల చుట్టు అని ఆయన పెట్టిన పేరు. చింతామణిలో బయలుదేరి శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం, అక్కడ హైవే ఎక్కి బాగేపల్లి, బాగేపల్లి నుంచి చేలూరు దారిలో గుంతలన్నీ పలకరించుకుంటూ మళ్ళీ చింతామణి. పొద్దున పోతే మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేవారు. "ఒక ఊర్లో అన్ని బండ్లూ మంచివే పాపా. మూడూర్లు తిప్పితే గదా గుణం బయటపడేది" అనేవాడు. దిగి, చెంబెడు నీళ్ళు తాగేదాకా నోరు విప్పేవాడు కాదు. కొనేవాళ్ళు పరీక్ష ఫలితాల ముందు నిలబడ్డ పిల్లల్లా ఆయన గొంతు వంక చూస్తూ ఉండేవాళ్ళు.

నాకు బండి నేర్పింది ఆయనే. మా అమ్మ వద్దంటే, "నేర్చుకోనీలే వదినా, రేపు నన్ను యాడికన్నా తీసుకుపోతాది" అన్నాడు. తర్వాత నేను వాహనాల ఇన్సూరెన్సు సర్వేయరునయ్యాను. యాక్సిడెంట్ అయిన బండి దగ్గరికి పోయి, ఏ సొట్ట నిన్నటిది, ఏ సొట్ట అంతకు ముందు నుంచే ఉన్నదో రాసివ్వడం నా ఉద్యోగం. ఆ చూపు నాకు ఆయన దగ్గరే వచ్చిందని గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి రావడం లేదు. ఎందుకో చెప్తాను.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున మేమిద్దరం నంది కొండకు పోయాం. కొండ కింద టీ అంగళ్ళ దగ్గర బెంగళూరు నుంచి వచ్చిన బండ్లు వరసగా నిలబడి ఉంటాయి. ఆయనకదే తిరునాళ్ళు. టీ గ్లాసు పట్టుకుని పెళ్ళిచూపులకు వచ్చినట్టు ఒక్కో బండినీ చూసుకుంటూ పోయేవాడు. ఆ రోజు రేసు బండ్ల దగ్గర ఆగలేదు. "మనిషిని సాష్టాంగం పడుకోబెడతాండారు" అన్నాడు. కొండలెక్కే ఎత్తు బండ్లను చూసి, "దీన్ని ఎక్కేకి నిచ్చెన కూడా ఇస్తారా?" అన్నాడు. చివర్న ఒక ముదురు నీలం బండి దగ్గర ఆగిపోయాడు. స్పోర్ట్ టూరర్ అంటారు దాన్ని. పరుగు బండి ఒళ్ళు, దూర ప్రయాణానికి కావలసిన ఓర్పు, రెండూ ఒకదానిలో పెట్టి చేస్తారు. ముందర గాలిని పక్కకు తోసే అద్దం, మరీ వంగకుండా చేతికందే హ్యాండిలు, వెనక సంచులు తగిలించుకునే కొక్కేలు.

చిన్నాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కాళ్ళు పెట్టే చోటు చూశాడు, సీటు వెడల్పును జానలతో కొలిచాడు. "ముందర నిలబడి చూస్తే ఉరికే బండి. వెనక నిలబడి చూస్తే సంసారం చేసే బండి. దీనికి తొందర ఉండాది గానీ విసుగు లేదు పాపా" అన్నాడు. ఆ తొందర, విసుగు అన్న రెండు మాటలతోనే నేను పడిపోయాను. ఏడాది తిరిగేసరికి అదే రకం బండి కొన్నాను. ఊళ్ళో ఒకాయన, "ఆడపిల్లకు అంత బరువు బండి ఎందుకప్పా?" అని అడిగితే చిన్నాయన, "మోసేది బండి గదా, మా పాప కాదు గదా" అన్నాడు.

మోకాళ్ళు సహకరించక ఆయన అప్పటికే నడపడం మానేశాడు. ప్రతి ఆదివారం నేను నడపడం, ఆయన వెనక కూర్చోవడం, మూడూర్ల చుట్టు. మొదటి నెలలు ఆయన బండిని మెచ్చుకోని ఆదివారం లేదు. హైవే మీద వేగం పెంచితే భుజం మీద తట్టి, "ఇంగా ఉండాది దీనికి, ఇంగా ఉండాది" అనేవాడు. అరవై దాటిన మనిషి, హెల్మెట్ లోపల నవ్వుతున్నాడని నాకు అద్దంలో తెలిసేది.

తర్వాత ఒక ఆదివారం దిగి, నీళ్ళు తాగి, "వెనక సీటు కొంచెం గట్టిగుండాది పాపా. నడుము కాడ పట్టుకుంటాండాది" అన్నాడు.

పాఠకులారా, ఆ మాట అన్నది వేరే ఎవరైనా అయితే నేను డాక్టరు దగ్గరికి పోదామనే దాన్ని. కానీ అన్నది ఆయన. ముప్పై ఏళ్ళు వెనక సీటు మీద కూర్చుని బండ్ల గుణం చెప్పిన మనిషి. ఆయన నడుము నాకు నడుములా కనిపించలేదు, బండిని కొలిచే పరికరంలా కనిపించింది. పరికరం లోపం చూపిస్తే బండిలో వెతికాను.

ముందు వెనక షాక్ అబ్జార్బర్ మెత్తన చేశాం. రెండు ఆదివారాలు బాగుందన్నాడు. మళ్ళీ నొప్పి. టైర్లలో గాలి తగ్గించాం. తర్వాత చింతామణి బస్టాండు వెనకున్న, సీట్లు కుట్టే ఆయన దగ్గరికి పోయి, ఉన్న ఫోమ్ తీయించి మెత్తనిది వేయించాం. చిన్నాయన అక్కడే నిలబడి ఎక్కడ ఎంత కోయాలో చాక్‌పీసుతో గీతలు గీశాడు. అదీ కుదరలేదు. జెల్ దిండు తెప్పించాను. వీపు ఆనించుకోవడానికి వెనకొక దిమ్మె బిగించాను. ప్రతి మార్పు తర్వాతా మూడూర్ల చుట్టు, ప్రతి చుట్టు తర్వాతా షెడ్డులో కూర్చుని ఇద్దరం వాదించుకోవడం. ఆ ఆరు నెలలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇది చెప్పకపోతే ఈ రాసేదంతా అబద్ధం. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని స్పానర్లు అందించిన రోజులు తిరిగొచ్చాయనుకున్నాను.

కనిపించనివేమీ లేవు, అన్నీ కనిపించాయి. హైవే మీద పేరేసంద్రలో టీకి ఆగినప్పుడు ఆయన బెంచీ మీద కూర్చోవడం మానేశాడు. "నిలబడి తాగితే బాగుంటాదిలే" అన్నాడు. బెంచీ నా బండి సీటు కాదు కదా అని నాకు తట్టలేదు. నొప్పి నడుము దాటి పక్కటెముకల్లోకి వచ్చిందన్నాడు. "సీటు వంపు పైకి తోస్తోందేమో చిన్నాయనా" అన్నాను. ఒకరోజు చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ చిన్నాయన పక్క మీద ఇటు నుంచి అటు తిరిగేకి అవస్థ పడతాండాడు పాపా. ఒకసారి ఆస్పత్రికి తీసుకుపోరాదా?" అంది.

"ఈ వారం సీటు మళ్ళీ మార్పిస్తున్నా చిన్నమ్మా. తగ్గిపోతుంది" అన్నాను. ఆమె నా మాట నమ్మింది. ఆ ఇంట్లో బండ్ల సంగతి మా ఇద్దరికే తెలుసని ఆమె నమ్మకం.

చివరికి ఒక ఆదివారం చేలూరు దారిలో బండి ఆపమని నా భుజం తట్టాడు. దిగడానికి కాలు ఎత్తలేకపోయాడు. దారిన పోయే ఇద్దరు రైతులు సాయం పట్టి దించారు. ఆ రోజే ఆస్పత్రికి పోయాం. వెన్నుపూసల్లో గడ్డ. అది అప్పటికే పక్కలకు పాకింది. స్కానింగు ఫోటోలు చూసిన డాక్టరమ్మ కన్నడంలో, "ఇష్టు దిన ఏను మాడ్తిద్ద్రి?" అని అడిగింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు అని. కోప్పడి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సీటు మారుస్తున్నాం అని చెప్పలేక నేను నేల చూశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దిమ్మె ఊడదీశాను, జెల్ దిండు పారేశాను, కంపెనీ నుంచి వచ్చిన పాత ఫోమ్ వెతికి సీటును మొదట ఎట్లా ఉండేదో అట్లా చేశాను. ఎందుకు చేశానో అప్పుడు తెలియదు. ఏదో ఒకదాని మీద కోపం తీర్చుకోవాలి.

మంచంలో ఉన్న నెలల్లో ఆయన్ని ఒకసారి అడిగాను, "నీకు ముందే అనుమానం ఉండిందా చిన్నాయనా?" అని. ఉండిందని చెప్తాడేమోనని ఆశ పడ్డాను. దాచాడని తెలిస్తే నా బరువు సగం ఆయన మోసేవాడు.

"లేదు పాపా. సీటే అనుకున్నా, నీ తోడు" అన్నాడు. కాసేపటికి, "ఇన్ని బండ్లకు మాట చెప్పినా గానీ ఆ బండికి అన్యాయంగా చెప్పినా. దాని తప్పేం లేదు. నువ్వు దాని మీద కోపం పెట్టుకోవద్దు" అన్నాడు.

ఆయన బెంగ అది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పోయిన వారం మరణ పత్రం కోసం చిక్కబళ్ళాపురం నగరసభకు, అదే మున్సిపాలిటీ ఆఫీసుకు, పోవలసి వచ్చింది. చిన్నమ్మ సంతకం కావాలి. బస్సులో పోదామంటే ఆమె ఒప్పుకోలేదు. "బండి మీదనే పోదాం. ఆయన కూచున్న చోట నేను ఒకసారి కూచుంటా" అంది. ఆమె ఆ బండి ఎక్కడం అదే మొదటిసారి. సీటు ఇప్పుడు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. ఆమెకు ఎప్పట్నుంచో నడుము నొప్పి ఉంది, ఇంట్లో కుర్చీలో కూడా దిండు లేనిదే కూర్చోదు.

చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం దాకా నేను ఆమె నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురు చూశాను. సీటు గట్టిగా ఉంది పాపా అంటే చాలు. శిడ్లఘట్ట దాటాక కావాలనే రెండు గుంతల్లో దింపాను. అంత పెద్దామెను, భర్త పోయి నెల కాని మనిషిని కుదిపాను. సీటులోనే ఏదో లోపం ఉందని, మా వెతుకులాట మరీ పిచ్చిది కాదని ఆమె నడుము చెప్పాలని నా ఆరాటం. దారి పొడుగునా ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

నగరసభ ముందు బండి ఆపాను. ఆమె మెల్లగా దిగి, కొంగు సర్దుకుని, అరచేత్తో సీటును రెండుసార్లు నొక్కి చూసింది.

"మెత్తగానే ఉండాదే పాపా. నాకేం నొయ్యలేదే" అంది.

అన్నాక, సీటు మారిస్తే తగ్గిపోతుందని వంటింట్లో నేనన్నది గుర్తొచ్చి, ఆ మాట ఏమిటో ఆమెకు అర్థమైంది. సీటు మీద నుంచి చెయ్యి తీయలేదు. నా ముఖం చూడలేదు. కాగితాలు పట్టుకున్న జనం మమ్మల్ని తప్పుకుంటూ మెట్లెక్కి పోతున్నారు. మేమిద్దరం ఆ బండికి చెరోవైపు నిలబడే ఉన్నాం.