తల ఊపినందుకు పోయిన వంతు

ప్లేనోలో మా లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. బ్లూగ్రాస్, కంట్రీ అనే పాత అమెరికన్ పల్లెపాటలు కలిపి వాయించే ఆడవాళ్ళ బ్యాండ్‌కి ఫిడేలు వాయించే మనిషి కావాలి, మగవాళ్ళు దయచేసి రావద్దు అని రాసి ఉంది. ఆ చివరి ముక్క చూసే ఫోన్ చేశానని ఒప్పుకుంటున్నాను. రాజమండ్రిలో పన్నెండేళ్ళు ఫిడేలు నేర్చుకుని, ఇక్కడికొచ్చాక పద్దెనిమిదేళ్ళు దాన్ని క్లాజెట్ పైఅరలో సూట్‌కేసుల పక్కన పడుకోబెట్టిన ఘనురాలిని. నా ఉద్యోగం రోజంతా ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం.

సంగతి చెప్తే మా ఆయన, "కౌబాయ్ హ్యాట్ కూడా కొనాలా?" అని తన జోక్‌కి తనే నవ్వుకున్నాడు. మా వీధిలో ఉండే తెలుగు స్నేహితురాలు ఇంకో మెట్టు పైన. "పోనీ మన దీపావళి ప్రోగ్రామ్‌లో ఒక ఐటమ్ వెయ్యరాదూ? లంచ్ టైమ్‌లో స్లాట్ ఇప్పిస్తా. ఎవరూ వినరు కాబట్టి నీకు టెన్షన్ కూడా ఉండదు" అంది. ప్రోత్సాహం అంటే అలా ఉండాలి.

ప్రాక్టీసు మంగళవారం సాయంత్రాలు, ఒక చర్చి వెనక హాల్లో. నలుగురున్నారు. నాయకురాలు బాంజో ఆవిడ. ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైంది కాబట్టి అందరూ చెప్పిన చోట కూర్చోవాలని ఆవిడ నమ్మకం. మాండలిన్ ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. మిగిలిన ఇద్దరిలో ఒకరిది గిటార్, ఒకరిది మనిషంత ఎత్తు బేస్. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, కుడికాలు కాస్త చాపి, ఫిడేలు కొసని చీలమండకి ఆనించి, పద్ధతిగా శ్రుతి చేసుకున్నాను. తలెత్తి చూస్తే చుట్టూ నాలుగు జతల బూట్లు.

"హనీ, నడుం పట్టేసిందా?" అంది బాంజో ఆవిడ.

వాళ్ళు నిలబడి వాయిస్తారట. నలభై ఆరేళ్ళ వయసులో నిలబడటం నేర్చుకున్నాను.

అసలు చిక్కు వేరే చోట ఉంది. పాట మధ్యలో ఒక్కొక్కరూ ఒక్కో చుట్టు సొంతంగా వాయిస్తారు. ఎవరి వంతో నోటితో చెప్పరు, తల ఊపి చెప్తారు. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. మొదటి రోజు మాండలిన్ ఆవిడ బాగా వాయించింది. కచేరీలో ముందు వరసలో కూర్చుని పెరిగినదాన్ని, బాగుంటే తల ఊపకపోతే మర్యాద కాదు కదా, ఊపాను. ఆవిడ ఇంకో చుట్టు వాయించింది. అదీ బాగుంది, మళ్ళీ ఊపాను. ఐదో చుట్టుకి పాపం ఆవిడకి చెమటలు పట్టాయి. అప్పుడు బాంజో ఆవిడ నావైపు తిరిగి ఒక కాలు గాల్లోకి లేపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టాను, నా ఫిడేలుకి ఎదురుగా బూటు చూపిస్తుందా ఈవిడ! అంతలో అందరూ టక్కున ఆపేశారు, నేనొక్కదాన్నే వాయిస్తూ మిగిలాను. కాలు లేపితే పాట ముగించమని అర్థమట.

"కౌంటీ ఫెయిర్‌ దాకా చూద్దాం. అక్కడ కుదిరితే నువ్వు మాలో ఒకదానివి. కుదరకపోతే ఇంకొకరిని వెతుక్కుంటాం" అంది బాంజో ఆవిడ. ఫెయిరంటే ఇక్కడి జిల్లా తిరునాళ్ళు. వీసా కాగితాల కోసం ఎదురుచూసిన రోజుల్లో కూడా నాకంత గుబులు పుట్టలేదు. నాకు ఆ మంగళవారాలు కావాలి. ఈ దేశంలో నా కోసం నేను కోరుకున్నది అదొక్కటే, సిగ్గుపడకుండా చెప్తున్నాను.

ఇక ఆ పాటలు. అమ్మ, రైలు, జైలు, సారా, రెండో చరణంలో ఎవరో ఒకరి చావు. ఆ చావు కూడా మహా హుషారుగా జరుగుతుంది. అంత దుఃఖాన్ని అంత వేగంగా వాయించేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. నా గమకాలు వినగానే బాంజో ఆవిడ, "ఆ స్వరాన్ని అలా వణికించకు, దానికేం జ్వరం రాలేదు" అనేది. త్యాగయ్య పుట్టిన దేశం నుంచి వచ్చి బస్సు డ్రైవరు చేత మాట పడ్డానని రెండు రాత్రులు కుమిలిపోయాను. మూడో వారానికి సగం వణుకు తగ్గించాను.

మెడకి మాత్రం మూడు నెలలు శిక్షణ ఇచ్చాను. ఆఫీసు మీటింగుల్లో కూడా తల కదపకుండా కూర్చునేదాన్ని. నాకు నచ్చలేదనుకుని మా మేనేజర్ రెండుసార్లు గడువు పెంచాడు.

ఫెయిర్‌లో మా స్టేజి మేకల పోటీల షెడ్డు పక్కనే. మూడు పాటలు వాయించాలి. ఆఖరి పాటలో మాండలిన్ తర్వాత వంతు నాది, నన్ను తేల్చేది ఆ ఒక్క చుట్టే. మొదటి రెండు పాటలూ విగ్రహంలా నిలబడి గట్టెక్కాను. మూడో పాటలో మాండలిన్ ఆవిడ ఒక చోట జారి, నేను కలలో కూడా అనుకోని స్వరం మీద వాలింది. నా తల ఊగిపోయింది. ఆవిడ బుద్ధిగా ఇంకో చుట్టు ఎత్తుకుంది. అది పూర్తయ్యేసరికి స్టేజి పక్కనున్న మనిషి గడియారం చూపిస్తున్నాడు. బాంజో ఆవిడ కాలు లేపింది. నలుగురూ ఆపేశారు.

నా వంతు నా మెడే మింగేసింది. ఏడుపొచ్చింది, దానికి మించి కోపమొచ్చింది. మర్యాద, మర్యాద అని ఎన్నింటికి తల ఊపాను ఈ జన్మలో! చప్పట్లు మొదలయ్యేలోపు నేను మొదలుపెట్టాను. ఒక్కదాన్నే, దాచుకున్న వణుకంతా కలిపి వాయించాను. ముందు బేస్ అందుకుంది, తర్వాత గిటార్. బాంజో ఆవిడ కాలు గాల్లోనే ఉంది. కాసేపటికి దించి, దాంతోనే తాళం వేసింది. చుట్టు పూర్తి చేసి ఆపాను.

కిందికి దిగాక ఆవిడ బాంజోని పెట్టెలో సర్దుతూ, "కాలు లేపాక వాయించకూడదు" అంది.

"తెలుసు."

"నీకెవరూ తల ఊపలేదు."

"అదీ తెలుసు."

పెట్టె మూసి, "మంగళవారం ఆరున్నరకి. ఆలస్యంగా రాకు" అని వెళ్ళిపోయింది. నేను అక్కడే ఒక గడ్డిమోపు మీద కూర్చుండిపోయాను.

ఇంటికొస్తుంటే కార్లో మా ఆయన ఫోన్ నా చేతికిచ్చి, "మొత్తం రికార్డ్ చేశా, చూడు" అన్నాడు. చూశాను. నలుగురూ ఆపేసిన చోట వీడియో కూడా ఆగిపోయింది.

"తర్వాతది ఏదండీ?" అన్నాను.

"తర్వాతేముంది? సాంగ్ అయిపోయింది కదా అని లెమనేడ్ కోసం లైన్లో నించున్నా. ఏమన్నా మిస్ అయ్యానా?"

"నేను వాయించాను" అన్నాను.